పఫ్ ప్యానెల్‌లోకి చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?

అల్లూరు దగ్గర ఒక రొయ్యల షెడ్డులో ఫ్రీజర్ గది సీలింగు కిందికి వంగిపోయిందంటే చూడ్డానికి పోయాం. గది కట్టి మూడేళ్లు కూడా నిండలేదు. కంప్రెసర్ రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతోంది, లోపల మాత్రం మైనస్ 11 దాటి దిగడం లేదు. యజమాని మెషీన్‌ను తిట్టుకుంటున్నాడు, గ్యాసు రెండుసార్లు నింపించాడంట. మెషీన్ బాగానే ఉంది. సీలింగు ప్యానెల్ (పఫ్, అంటే పాలీయురేథేన్ ఫోము నింపిన పలక) ఒకటి విప్పితే, ఇద్దరు అలవోకగా దించాల్సిన దానికి నలుగురు చేతులు వేయాల్సి వచ్చింది. పై రేకు కోసి చూశాం. నడిమధ్యన ఫోము పసుపుపచ్చగా, పొడిగా, కొత్తదానిలాగే ఉంది. జాయింటు వెంబడి జానెడు వెడల్పున మాత్రం ఫోములో మంచు పేరుకొని ఉంది. కాసేపు ఎండలో పెట్టి బొటనవేలితో నొక్కితే నీళ్లు కారాయి.

ఆ ప్యానెల్ మందం 100 ఎం.ఎం. కొటేషన్‌లో ఏం రాశారో అదే ఇచ్చారు.

పోయిన నెలలో ఇందుకూరుపేట నుంచి తెలిసిన కుర్రాడొకడు మూడు కొటేషన్లు పట్టుకొచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తడి ఫోమే. గుంటల దగ్గర వెనామీ రొయ్యలు, మైపాడు నుంచి చేపలు కొని, శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి నెల్లూరు హోటళ్లకు వేస్తుంటాడు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున గది కావాలి, లోపల మైనస్ 20 ఉండాలి. ఒక కొటేషన్‌లో 100 ఎం.ఎం. థర్మకోల్, ఇంకోదాంట్లో 60 ఎం.ఎం. పఫ్, మూడోదాంట్లో 100 ఎం.ఎం. పఫ్. ధరలు కూడా ఆ వరసలోనే ఎక్కుతున్నాయి. "ఏందన్నా, మందం ఎక్కువుండేది చూసి తీసుకుంటే సరిపోదా?" అన్నాడు.

సరిపోదు. కానీ మందం లెక్క తెలియకపోతే మిగతాది అర్థం కాదు, కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

రెండు రేకుల మధ్య ఫోము నింపి బిగించిన పలకే ప్యానెల్. వేడిని ఆపేది రేకు కాదు, ఫోములోని సన్నటి అరల్లో చిక్కుకున్న గ్యాసు. ఒక మీటరు మందం గోడకు అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరు మేర పఫ్ గుండా దాటే వేడి దాదాపు 0.023 వాట్లు. అదే థర్మకోల్ అయితే 0.036 దాకా. అంటే 100 ఎం.ఎం. పఫ్ చేసే పని థర్మకోల్‌తో చేయించాలంటే 150కి పైన మందం పెట్టాలి. మొదటి కొటేషన్‌లోని 100కీ మూడోదాంట్లోని 100కీ పొంతన లేదని ఇక్కడే తేలిపోతుంది. నిజానికి ఆ 100 ఎం.ఎం. థర్మకోల్ రెండో కొటేషన్‌లోని 60 ఎం.ఎం. పఫ్‌కు సమానం, అంతే.

ఇప్పుడు కరెంటు. ఆ గదికి గోడలు, సీలింగు, నేల అన్నీ కలిపితే సుమారు 48 చదరపు మీటర్లు. ఎండాకాలం, చలికాలం, పగలు, రాత్రి కలిపి బయట సగటు 30 డిగ్రీలు అనుకుంటే లోపలికీ బయటికీ తేడా 50. ఈ లెక్కన 60 ఎం.ఎం. పఫ్ గుండా అన్నివేళలా 920 వాట్ల వేడి లోపలికి దిగుతూ ఉంటుంది. 100 ఎం.ఎం. అయితే 550, 150 ఎం.ఎం. అయితే 370. ఆ వేడిని బయటికి తోడడానికి చిన్న ఫ్రీజర్ మెషీన్లు తినే కరెంటు వేసుకుంటే, 60 నుంచి 100కి పోయినందుకు రోజుకు ఏడు యూనిట్ల దాకా మిగులుతాయి. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా నెలకు పదహారు వందల పైచిలుకు. 100 నుంచి 150కి పోతే మిగిలేది రోజుకు మూడున్నర యూనిట్లు, నెలకు ఎనిమిది వందలు. మందం పెంచేకొద్దీ మిగులు తగ్గుతూ పోతుంది. అందుకే మైనస్ 18, మైనస్ 20 నిల్వ గదికి 100 నుంచి 120 దాకా తీసుకోమంటాను. సరుకును వేగంగా గడ్డకట్టించడానికి మైనస్ 35, 40కి పోయే బ్లాస్ట్ ఫ్రీజరైతే 150 పెట్టాల్సిందే. కూరగాయలకో, నిమ్మకాయలకో ప్లస్‌లో ఉండే చల్లగదికి 60, 80 చాలు. ఫ్రీజర్‌కు 60 పెట్టుకోమనే మనిషి ఆ కరెంటు బిల్లు కట్టేవాడు కాదు.

కోస్తా వాళ్లకు 60 వద్దనడానికి ఇంకో కారణముంది. మైపాడు వైపు ఆగస్టులో ఒక రాత్రి, 28 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం. ఆ గాలి 26 డిగ్రీల వస్తువును తాకితే మంచుబిందువులు కట్టేస్తుంది. గాలి ఆడని చోట 60 ఎం.ఎం. ఫ్రీజర్ ప్యానెల్ బయటి రేకు 26కి ఇంకా కాస్త దిగువకు చల్లబడుతుంది. 100 ఎం.ఎం. రేకు 26కి అర డిగ్రీ పైనే ఆగుతుంది. రెండు రేకుల మధ్య ఉన్న ఆ ముప్పావు డిగ్రీ తేడాతోనే ఒక గది పొడిగా నిలబడుతుంది, ఇంకో గదికి తెల్లారేసరికి గోడంతా చెమట పట్టి నేల మీద చారలు కడుతుంది. గోడకు ఆనించి అట్టపెట్టెలు పేర్చారంటే ఆ సందులో గాలి ఆడక 100 కూడా చెమర్చొచ్చు.

బయట కారే చెమట కంటికి కనిపిస్తుంది, గుడ్డపెట్టి తుడుచుకోవచ్చు. ప్యానెల్ లోపలికి పోయే చెమ్మ కనిపించదు.

గాలిలోని నీటి ఆవిరికి సొంతంగా ఒత్తిడి ఉంటుంది. 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న మన గాలిలో ఆ ఒత్తిడి, మైనస్ 20 గదిలోని ఆవిరి ఒత్తిడికి దాదాపు 38 రెట్లు. ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి పోవడమే దానికి తెలుసు. కాబట్టి ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, ప్రతి సందులోంచీ బయటి ఆవిరి లోపలికి దూరాలని చూస్తూనే ఉంటుంది. రేకు గుండా దూరలేదు. జాయింటులో, పైపు కన్నంలో, వైరు కన్నంలో, సీలింగుకు కొట్టిన బోల్టు పక్కన దూరుతుంది. ఫోము మధ్యదాకా పోయేసరికి సున్నా డిగ్రీల చోటు తగులుతుంది, అక్కడే గడ్డకడుతుంది. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతాయి కదా, ఫోము అరలు పగులుతాయి, పగిలిన చోట ఇంకా ఎక్కువ చెమ్మ చేరుతుంది. ఇక మంచు వేడిని పఫ్ కన్నా సుమారు వంద రెట్లు సులువుగా దాటనిస్తుంది. అల్లూరు గదిలో జానెడు వెడల్పు తడి ఫోము అంటే, సీలింగు పొడుగునా ఒక కిటికీ తెరిచి పెట్టినట్టే.

కనిగిరి, పొదిలి వైపు ఎండ ఇంకా దంచుతుంది, కానీ గాలి పొడి. అక్కడ పదేళ్లు నడిచిన జాయింటు పని కొత్తపట్నం తీరంలోనూ అంతే నిలుస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు.

మంచి ప్యానెల్ అంచులు ఒకదాంట్లో ఒకటి ఇమిడేట్టు నాలుక, గాడి చెక్కినట్టుంటాయి. లోపల క్యామ్ లాక్ కొక్కేలుంటాయి, ఆలెన్ కీ తిప్పితే పక్క ప్యానెల్‌ను లాగి బిగిస్తాయి. లాక్ బిగిసింది కదాని మేస్త్రీలు సీలెంటు దగ్గర పిసినారితనం చేస్తారు. లాక్ పని పలకల్ని దగ్గరికి పట్టుకోవడం వరకే, ఆవిరిని ఆపేది సీలెంటు. అది బయటివైపు, అంటే వేడి ఉన్న వైపు, ఎక్కడా తెగకుండా ఒకే గీతగా ఉండాలి. లోపలివైపు కూడా పూస్తారు, నీళ్లతో కడిగినప్పుడు తడి దిగకుండా. కానీ లోపల నిండుగా పూసి బయట వదిలేస్తే అసలుకే మోసం, లోపలికి వచ్చిన ఆవిరికి అటు పోయే దారి కూడా మూసినట్టవుతుంది. ఇంకో చిన్న సంగతి: తెరవగానే వెనిగర్ వాసన గుప్పున కొట్టే సిలికాన్ వద్దు. ఆ ఆమ్లం జింకు పూతను తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉండేది అడగండి, ట్యూబుకు కాస్త ఎక్కువవుతుంది.

కన్నాల విషయంలో నాకు చాదస్తం ఎక్కువని మా వాళ్లంటారు. పైపు పోయే కన్నం ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, చుట్టూ ఫోము నింపి రెండు వైపులా సీలు చేస్తే. వైరు వేసిన పైపుగొట్టం లోపలే ఖాళీగా వదిలేస్తారు, ఆవిరికి అదే రాజమార్గం. లైటు హోల్డరు నిండా మంచు పూలు పూసిన గదులు ఎన్ని చూశానో. ఇంకా గదిలో చల్లగాలి వదిలే యూనిట్ కూలర్‌ను వేలాడదీసే ఇనుప బోల్టు ప్యానెల్ గుండా బయటికొస్తే, దాని పై తల చల్లబడి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుంది. నైలాన్ బోల్టులున్నాయి, అవి వాడాలి.

రేకు గురించి. సాధారణంగా వచ్చేది రంగుపూత వేసిన జింకు రేకు, అర ఎం.ఎం. మందం. ఆ అర ఎం.ఎం. రంగుతో కలిపా, ఒట్టి ఇనుమా అని అడిగి చూడండి, ముఖంలో మార్పు తెలుస్తుంది. ఉప్పుగాలి తగిలే చోట జింకు, అల్యూమినియం కలిసిన పూత రేకు ఎక్కువకాలం నిలుస్తుంది. ఏ రేకైనా తుప్పు మొదలయ్యేది కోసిన అంచు దగ్గర, స్క్రూ దిగిన చోట. సైటులో కోసిన ప్రతి అంచుకూ పూత పడాలి, స్క్రూలు స్టెయిన్‌లెస్ కావాలి. రొయ్యలు కడిగే గదిలో బ్లీచింగు నీళ్లు రోజూ తగులుతాయి కాబట్టి అక్కడ 304 రకం స్టెయిన్‌లెస్‌కు కూడా చుక్కల్లాంటి గుంటలు పడతాయి. తగలగానే మంచినీళ్లతో కడిగేసుకోవాలి. ఫ్రీజర్ లోపల మాత్రం ఆ బాధ తక్కువ, అక్కడ స్టెయిన్‌లెస్ కోసం డబ్బు పోయడం నాకైతే దండగనిపిస్తుంది. ప్యానెళ్లు దిగగానే ఎండలో పెట్టి, పైన అంటించిన ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోతారు. రోహిణి ఎండకు అది రేకుకు కాలి అతుక్కుంటే గోకినా రాదు.

నేల దగ్గర మనవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. "చల్లదనం కిందికే కదన్నా దిగేది, కింద భూమి చల్లగానే ఉంటుంది గదా, నేలకు ప్యానెల్ ఎందుకు?" అని ఈ కుర్రాడు కూడా అడిగాడు. భూమి చల్లగా ఉండేది మనకు, మైనస్ 20 గదికి అది పొయ్యి లాంటిదే. పైగా నేలకు సరైన ఇన్సులేషన్ లేకపోతే నెలల తరబడి చల్లదనం దిగి దిగి కింద మట్టిలోని నీళ్లు గడ్డకట్టి, ఆ మంచు గచ్చును పైకి లేపేస్తుంది. తీరం వెంబడి రెండు మూడు మూరలు తవ్వితే నీళ్లు పడే నేలలో గడ్డకట్టడానికి నీళ్లకు కరువు లేదు. పదడుగుల గదికి నాలుగు పక్కల నుంచి వేడి చేరుతుంది కాబట్టి ఈ గండం తక్కువ. ముప్పై నలభై అడుగుల గదైతే గచ్చు కింద గాలి ఆడే గొట్టాలు గానీ, హీటరు తీగ గానీ వేయకుండా కట్టకూడదు. చిన్న గదిని కూడా అడుగున్నర అరుగు మీద కట్టండి. నవంబరు వాయుగుండాల్లో షెడ్డులోకి నీళ్లొస్తే నేల ప్యానెల్ జాయింట్లలోకి దిగిన నీళ్లు తర్వాత ఎండే ప్రసక్తే లేదు. ప్యానెల్ మీద మెరైన్ ప్లైవుడ్డు, దాని మీద గళ్ల అల్యూమినియం రేకు వేస్తే మనుషులు నడిచే, పెట్టెలు పెట్టే గదికి చాలు. ట్రాలీ చక్రాలు తిరిగే గదికి గట్టి ఫోము పలకల మీద కాంక్రీటు పోయాల్సిందే, లేకపోతే చక్రం కింద రేకు సొట్టపడి జాయింటు నోరు తెరుస్తుంది.

తలుపుకు చుట్టూ చట్రంలో హీటరు తీగ ఉందా అని చూసుకోండి. లేకపోతే గ్యాస్కెట్, అంటే తలుపు అంచు రబ్బరు పట్టీ, చట్రానికి గడ్డకట్టి అతుక్కుంటుంది, బలంగా లాగితే చిరుగుతుంది. లోపలి నుంచి తెరిచే పిడి లేని తలుపును ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఇక చాలా కొటేషన్లలో కనిపించనిది ఒకటుంది, లోపలి, బయటి గాలి ఒత్తిడిని సమం చేసే, చేతిలో ఇమిడేంత ప్రెషర్ వాల్వు. తలుపు కాసేపు తెరిచిపెట్టి మూస్తే లోపలికి చొరబడిన వేడిగాలి చల్లబడి కుంచించుకుపోతుంది. 35 డిగ్రీల గాలి మైనస్ 20కి దిగితే దాని పరిమాణం 18 శాతం తగ్గుతుంది. జాయింట్లు బాగా సీలు చేసిన గదిలో ఆ లోటు తీరడానికి దారి లేదు. లోపలి ఒత్తిడి ఒక్క శాతం తగ్గినా మూడడుగుల తలుపు మీద 170 కిలోలు ఆనించినట్టు అవుతుంది. తలుపు బిగుసుకుపోయింది, జిగటగా ఉంది అని మెకానిక్కును పిలిచేవాళ్లలో సగం మంది గదికి వాల్వు లేనివాళ్లే. ఎంత బాగా సీలు చేస్తే వాల్వు అంత అవసరం. దానికీ చిన్న హీటరుండాలి, లేకపోతే మంచుతో మూసుకుపోతుంది.

నిప్పు సంగతి చెప్పకుండా వదలడానికి లేదు. థర్మకోల్ కరిగి మండుతూ బొట్లు బొట్లుగా రాలుతుంది. మామూలు పఫ్ వేగంగా అంటుకుంటుంది, దాని పొగ ఇంకా ప్రమాదం. దక్షిణ కొరియాలోని ఇచాన్‌లో 2008 జనవరి 7న పని ముగింపుకొచ్చిన కోల్డ్ స్టోరేజీలో 40 మంది చనిపోయారు. అదే ఊళ్లో 2020 ఏప్రిల్ 29న కడుతున్న గోదాములో 38 మంది పోయారు. రెండుచోట్లా ఫోము పని జరిగిన భవనాలే. పి.ఐ.ఆర్. (పాలీఐసోసయనురేట్) ఫోము వేడి ఆపడంలో పఫ్‌కు తీసిపోదు, మంట తగిలితే పైన బొగ్గు పొర కట్టి నిదానిస్తుంది. తేడా ధర భరించగలిగితే అదే మేలు. ఏ ఫోమైనా సరే, ప్యానెళ్లు బిగించిన తర్వాత ఆ షెడ్డులో వెల్డింగు పెట్టొద్దు. స్టాండ్లు, కొక్కేలు ముందే చేయించుకోండి.

ఫోము నాణ్యతను ఇంటి దగ్గరే పరీక్షించుకోవచ్చు, దీనికి ల్యాబు అక్కర్లేదు. మన దగ్గర మంచి పఫ్ సాంద్రత ఘనమీటరుకు 40 కిలోలు, ఒకటి రెండు అటూ ఇటూ అని రాస్తారు. 100 ఎం.ఎం. ప్యానెల్ ముక్క తెప్పించుకొని, రేకులు ఒలిచి, పది సెంటీమీటర్ల ఘనంగా కోస్తే అది సరిగ్గా లీటరు. 40 గ్రాములు తూగాలి. ముప్పై, ముప్పై రెండు తూగితే ఫోము పలచగా పోశారన్నమాట, అలాంటి ప్యానెల్ బరువుకు అణుగుతుంది, రేకు ఊడుతుంది. అదే ముక్కను నీళ్లలో ముంచి రాయి బరువు పెట్టి ఒక రాత్రి ఉంచి, పైతడి తుడిచి మళ్లీ తూకం వేయండి. కోసిన అంచుల్లో కొంచెం నీరు పట్టడం మామూలే, స్పంజిలా తాగితే మాత్రం వద్దు. ఫోము ఉబ్బించడానికి ఏ గ్యాసు వాడారో కూడా అడగొచ్చు. ఓజోన్‌ను దెబ్బతీసే హెచ్.సి.ఎఫ్.సి. 141బి దిగుమతిని మన దేశం 2020 జనవరి 1 నుంచి నిషేధించింది. ఇప్పుడు సైక్లోపెంటేన్ లాంటివి వాడుతున్నారు. ఉత్త నీళ్లతో ఉబ్బించిన ఫోము వేడిని కాస్త ఎక్కువ దాటనిస్తుంది.

ఇవన్నీ విని ఆ కుర్రాడు అసలు ప్రశ్న ఆఖరికి బయటపెట్టాడు. రోజుకు ఐదు వందల కిలోల రొయ్యలు ఐసులోంచి తీసి ఇదే గదిలో పెట్టి గడ్డకట్టించుకుంటాడంట. అది వేరే లెక్క. అన్ని రొయ్యల్ని ఐదు డిగ్రీల నుంచి మైనస్ 18కి దించాలంటే 40 యూనిట్ల పైన వేడి తీయాలి, 100 ఎం.ఎం. ప్యానెళ్ల గుండా రోజంతా దిగే వేడికి ఇది మూడింతలు. గోడ ఎంత మందం కట్టినా ఆ పని గోడ చేయదు, మెషీన్ చేయాలి. నిల్వకు పెట్టిన చిన్న మెషీన్‌తో చేయిస్తే రొయ్య నిదానంగా గడ్డకడుతుంది, లోపల మంచు స్ఫటికాలు పెద్దవై కండను చీలుస్తాయి, వండేటప్పుడు నీళ్లు ఊరి రొయ్య రబ్బరవుతుంది. పక్కనున్న ప్యాకెట్లు కూడా మెత్తబడతాయి. గడ్డకట్టించేది బయట ఏదైనా ప్లాంటులో కూలికి చేయించుకొని, ఇక్కడ నిల్వ మాత్రమే పెట్టుకోమన్నాను. నిండుగా సరుకున్న గదికి కరెంటు పోయినా భయం లేదు: ఐదు టన్నులుంటే, తలుపు తీయకుండా ఉంటే, సగటున ఐదు గంటలకు ఒక డిగ్రీ ఎక్కుతుంది, బయటి వరస పెట్టెల్లో మాత్రం కాస్త ఎక్కువ.

మూడో కొటేషన్ వాళ్ల దగ్గర ప్యానెల్ ముక్క తెప్పించుకున్నాడు. వంటింటి కాటా మీద నమ్మకం లేక చిన్నబజారులో తెలిసిన బంగారు కొట్టుకు తీసుకుపోయాడు. సేఠు ఆ పసుపు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం లోహం రా అబ్బయ్యా" అని నవ్వి తూచాడంట. 36 గ్రాముల 400 మిల్లీలు. ఆ సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి, కొటేషన్‌లో మీరు రాసిన 40 ఎక్కడ పోయిందని అడుగుతున్నాడు.